తువ్వాల కింద రాతప్రతి

మా చుట్టాలను అడగండి, నేను ఇన్నేళ్ళూ ఏ పనీ చెయ్యలేదంటారు. "లింబాద్రి సేటు దుకాణంల కూసొని కాయిదాలు సదువుతుండె" అంటారు. నిజమే, కాగితాలు చదవడమే నా పని. ఆర్మూరు పసుపు బజారులో ఒక అడ్తి దుకాణం. అందులో బస్తాల పక్కన ఒక చాప. ఆ చాప మీద కూర్చొని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు రాసిన కథలూ నవలలూ చదివి, పనికొస్తాయనుకున్నవాటిని హైదరాబాదు, మద్రాసు పబ్లిషర్లకు పంపి, వాళ్ళ చేత ఔననిపించేదాన్ని. రైతు పసుపును కొనేవాడికి చూపించి అమ్మిపెట్టేవాణ్ణి అడ్తిదారు అంటాం కదా. నేను రాతప్రతులకు అడ్తిదారును. ఈ పనికి మన భాషలో ఇంకా పేరు పుట్టలేదు. పుట్టేదాకా ఆగుదామంటే కళ్ళు ఆగలేదు. నాకింకా యాభై నిండలేదు గానీ, నా కళ్ళు మాత్రం నాకంటే ముందే పని మానుకున్నాయి.

ఈమధ్య ఇద్దరు ముగ్గురు చదువుకున్న పిల్లలు వచ్చి, ఈ పని మేమూ చేస్తాం, ఎట్లా చెయ్యాలో చెప్పమంటున్నారు. చెప్తాను. కాని ఒక షరతు. మధ్యలో "మీ కాలం వేరు" అనొద్దు. అంటే నాకు కోపం వస్తుంది, నా కోపం సంగతి బజారులో ఎవరినడిగినా చెప్తారు.

మామ దుకాణం

లింబాద్రి సేటు నాకు మేనమామ. ఆడపిల్లల కాలేజీలో చదువు ముగించి హైదరాబాదు నుంచి నేను తిరిగొచ్చేసరికి ఇంట్లో అందరికీ ఒకటే ప్రశ్న, దీన్నేం చెయ్యాలి అని. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు తలా ఒక కారణం చెప్పాను. ఏదీ ఎవరికీ నచ్చలేదు. మామ మాత్రం కారణం అడగలేదు.

"బిడ్డా, తెలుగు సదువుతవు గద?"

"కాలేజీల అంతా ఉర్దూనే మామా. తెలుగు ఇంట్ల నేర్చుకున్న."

"ఇంట్ల నేర్సుకున్నదే పక్కాగ ఉంటది. ఇగో, గిది సదివి ఎట్లుందో చెప్పు" అని ఒక కాగితాల కట్ట నా ఒళ్ళో వేశాడు.

ఎవరో రైతు బావమరిది రాసిన నవల అది. పసుపు అమ్మడానికి మామ హైదరాబాదు పోతున్నాడని తెలిసి, "సేటూ, గిది గూడ ఎవరికన్న జూపెట్టు" అని బస్తాలతో పాటు అప్పజెప్పాడట. మామకు కథలంటే ప్రాణం. చదివే ఓపిక మాత్రం లేదు, ఎవరైనా వినిపించాలి.

మర్నాడు అడిగాడు. "ఎట్లుంది?"

"మొదటి ఇరవై పేజీలు తీసేస్తే మంచిగనే ఉంది."

"తీసేస్తే తూకం తగ్గదా?"

"మట్టి దులిపితే పసుపు తూకం గూడ తగ్గుతది. దులపకుంటే కొంటరా?"

మామ గుమస్తాను పిలిచి నాకు ఒక చాప తెమ్మన్నాడు. నా నియామకం అంతే.

ఆయనంత మంచి యజమాని ఎవరికీ దొరకడు. ఆయనంత మొండివాడూ దొరకడు. పుస్తకం వేరు, పసుపు వేరు అని ఆయన బుర్రకు ఎక్కించడానికి ఏళ్ళ తరబడి పోట్లాడాను. సగం సార్లు ఆయనే గెలిచాడు. అవి రెండూ వేరు కావని నేనే ఒప్పుకోవలసి వచ్చింది. మిగతా సగంలో ఒకటి చివర చెప్తాను. ఇదంతా రాయడం దానికోసమే.

వంశవృక్షం అక్కర్లేదు

రాతప్రతితో పాటు పంపే ఉత్తరం చిన్నగా ఉండాలి. ఎంత చిన్నగా? పోస్టుకార్డు మీద పట్టాలి. జక్రాన్‌పల్లి పటేలు ఒకాయన నవల కంటే ఉత్తరమే పెద్దగా రాసుకొచ్చాడు. అందులో వాళ్ళ ముత్తాత పెంచిన గుర్రం ఉంది, వాళ్ళావిడ ఈ నవల విని అన్నం మానేసిన సంగతి ఉంది, తన కవిత్వానికి జడిసి పక్క ఊరి పండితుడు పేరు మార్చుకున్న వృత్తాంతం ఉంది. నవల దేని గురించో మాత్రం లేదు.

"పటేలా, గీ నవల దేని గురించి?" అని అడిగాను.

"సదివితె ఆళ్ళకే తెలుస్తదమ్మా."

"చదవాలనిపించాలంటే ముందు తెలవాలె గద!"

"అన్నీ ముందే చెప్తే ఇంక సదువుడెందుకు?"

ఆయన వాదనలో పస లేదని అనను. కాని పసుపు అమ్మేవాడు కొనేవాడి ముందు ఒక కొమ్ము విరిచి లోపలి రంగు చూపిస్తాడు. విరిచిన ఒక్క కొమ్మే మిగతా రాశి సంగతి చెప్తుంది. ఉత్తరం అట్లాంటి కొమ్ము. కథ ఎవరిది, వాళ్ళకొచ్చిన చిక్కేమిటి, ఎంత పొడుగు, అంతే. రాసినవాడి ముత్తాత గుర్రం పుస్తకం అచ్చయ్యాక ముందుమాటలో తిరుగుతుంది, దానికి తొందరేం లేదు.

ఇంకొకటి. ఏ పబ్లిషరు ఏం వేస్తాడో తెలుసుకోకుండా పంపకండి. పసుపు కొనడానికి వచ్చినవాడికి మక్కజొన్నలు చూపిస్తే వాడు తిట్టడు, పక్క దుకాణానికి పోతాడు. భక్తి పుస్తకాలు వేసే ఒకాయనకు దొంగల కథ పంపిన పిల్లగాడొకడు, "నా విలువ తెలవనోళ్ళు" అని మా దుకాణంలో కూర్చొని ఏడ్చాడు. వాళ్ళకు నీ విలువ తెలుసురా అబ్బాయీ, నీకే వాళ్ళ దుకాణం తెలవదు అని చెప్పాను. ఇంకా ఏడ్చాడు. అప్పుడు మామ చాయ్ తెప్పించాడు. మా దుకాణంలో పని విభజన అట్లా ఉండేది.

సంచి నోట్లో మంచి కొమ్ములు

సిరికొండలో బడిపంతులు ఒకాయన మంచి రచయిత. కాని తొందరమనిషి. నవల మధ్యలో వాగు పొంగే అధ్యాయం ఒకటి బ్రహ్మాండంగా కుదిరింది. పబ్లిషరుకు మచ్చు పంపేటప్పుడు మొదటి అధ్యాయం బదులు అదే పెడదామన్నాడు. వద్దన్నాను. మామ నవ్వి ఊరుకున్నాడు. పంతులు నా చాప దాకా రాకుండా తనే టపాలో వేశాడు. వాళ్ళు ముచ్చటపడి మొత్తం పంపమన్నారు, మొత్తం చూసి తిప్పి పంపారు. వాగు పొంగేదాకా ఆ నవలలో నీటిచుక్క లేదు మరి.

పంతులు వచ్చి మొత్తుకుంటే మామ ఆయన్ని బజారులోకి తీసుకుపోయాడు. కొనేవాడు సంచి నోట్లో ఉన్న కొమ్ములను చూడను కూడా చూడడు. కొనదేరిన ఇనుప గొట్టం ఒకటి సంచి నడుమ పొడిచి, లోపలిది బయటికి తీసి చూస్తాడు.

"జూసినవా పంతులూ? నువ్వు పైన పెట్టినవి ఆనికి కనపడయి. ఆడు పొడిచే కాడ ఏమున్నదో గది జూసుకో."

పంతులు తిరిగిపోయి మొదటి అధ్యాయాలు మళ్ళీ రాశాడు. వాగు ఇప్పుడు ముందునుంచే పారుతుంది. ఆ నవల అచ్చయింది. తిప్పికొట్టిన పబ్లిషరును తిట్టడం తేలిక, నేనూ చాలామందిని తిట్టాను. తిట్టిన తరువాత మాత్రం సంచి విప్పి చూసుకోవాలి.

ఒక రాశి, ఒక తువ్వాల

ఇప్పుడు అసలు సంగతి.

మా బజారులో ధర నోటితో చెప్పరు. కొనేవాడు, అడ్తిదారు చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు. ఆ తువ్వాల కింద వేళ్ళతోనే అడగడం, వేళ్ళతోనే తగ్గించడం, పెంచడం. చుట్టూ నిలబడ్డవాళ్ళకు రెండు ముఖాలే కనపడతాయి. దానికి కట్టుబాట్లున్నాయి. ఒక రాశి తువ్వాల కింద ఉన్నంతసేపు ఇంకొక కొనేవాడు దాన్ని ముట్టడు. తువ్వాల కింద చెయ్యి ఉండగా నోరు విప్పరు. కొనేవాడు జవాబివ్వకముందే అడ్తిదారు చెయ్యి వెనక్కి తీసుకుంటే, వాడి మాటకు ఇక బజారులో విలువ లేదు. బేరం మరీ సాగితే తువ్వాల లేపే హక్కు ఒక్కరికే ఉంది. పసుపు పండించిన రైతుకు. రైతు లేపితే ఎవరికీ తలవంపు లేదు.

మామ పుస్తకాలకూ ఇదే పద్ధతి పెట్టాడు. ఒక రాతప్రతిని ఒకేసారి ఒకే పబ్లిషరుకు పంపాలి. జవాబు వచ్చేదాకా ఇంకొకరికి చూపించకూడదు. గుర్తు చేస్తూ కార్డు ముక్క కూడా రాయకూడదు. చాలాకాలం ఈ పద్ధతి బాగానే నడిచింది. హైదరాబాదువాళ్ళు మామను ఎరుగుదురు, పసుపు తీసుకుపోయినప్పుడల్లా ఆయన వాళ్ళ గుమ్మం తొక్కేవాడు. చిక్కంతా మద్రాసుతో వచ్చింది.

కమ్మర్‌పల్లి నవల

కమ్మర్‌పల్లి నుంచి మాకు ఏటా పసుపు తెచ్చే రైతు కుటుంబం ఒకటి ఉండేది. ఇంటి పెద్ద రాజవ్వ. ఆమె కోడలు సుగుణ, కొంత చదువుకున్న పిల్ల. ఆ ఏడు పసుపు బండి మీద ఒక కాగితాల కట్ట కూడా వచ్చింది. సుగుణ రాసిన నవల. యుద్ధం రోజులు, కాగితం దొరకడం గగనం. వాడిన కాగితాల వెనక వైపున, అంచులు కూడా వదలకుండా రాసింది. నకలు లేదు. నకలుకు కాగితమెక్కడిది?

పసుపు ఉడికించే కళ్ళంలో పనికి వచ్చిన లచ్చుమి అనే ఆమె కథ. మొగుడు తరిమేస్తే వచ్చి, పనిలో కుదురుకుంటుంది. చివరికి ఆ మొగుడే తిరిగి రమ్మని బండి కట్టుకొని వస్తాడు. పోతుందా, పోదా? నేను ఆ కట్టను చాప మీద మొదలుపెట్టి, అన్నానికి లేవకుండా చదివాను. నాకది అరుదు, నేను తిండిమనిషిని.

సుగుణ రోజూ మధ్యాహ్నం కొమ్ములు ఏరే వేళ అత్తకు చదివి వినిపించేదట. రాజవ్వకు అక్షరం రాదు. ఆఖరి అధ్యాయం రాసిన మర్నాడే బండి బయల్దేరుతుండటంతో, అది వినిపించకుండానే కట్ట కట్టి తెచ్చేసింది.

"నోటితోని చెప్పరాదే అంటే చెప్పదమ్మా. గట్ల చెప్తె అది కథ కాదంట. జల్ది అచ్చు ఏపిచ్చుండ్రి, నాకు లచ్చుమి ఫికరే పట్టుకున్నది" అని రాజవ్వ నాకు అప్పజెప్పి పోయింది.

మద్రాసులో ఒక పెద్ద పబ్లిషరు కొత్త నవలలు అడుగుతున్నాడని విన్నాం. నేను ఉత్తరం రాశాను. మామ కట్టను బస్తాలు కుట్టే సుతిలితో స్వయంగా కట్టాడు. ఆ ముడి మా దుకాణం ముడి. విప్పినవాడు మళ్ళీ వెయ్యలేడు, మామకు తప్ప ఎవరికీ రాదు. నిజామాబాదు స్టేషన్లో పార్సిలు చేసి వచ్చాం.

జవాబు లేదు. వానాకాలం వచ్చింది, జవాబు లేదు. దసరా పోయింది, జవాబు లేదు. ఇంతలో మామకు తెలిసిన హైదరాబాదు పబ్లిషరు, కొత్త నవల ఏదైనా ఉంటే వెంటనే పంపమని రాశాడు. కాగితం కోటా చేతికొచ్చింది, అది దాటిపోయేలోపు అచ్చువెయ్యాలట.

"మామా, మద్రాసుకు ఒక కార్డు రాస్త."

"తువ్వాల కింద చెయ్యున్నది. నోరిప్పరాదు."

"అయితే తిప్పి పంపమని రాస్త."

"చెయ్యి మనం తియ్యరాదు."

"మామా, చెయ్యి పెట్టినట్టు ఆయనకు తెలుసా? ఆయన మద్రాసాయన. మన బజారు మొకం జూడలే. తువ్వాల కింద నువ్వొక్కనివే చెయ్యి పెట్టుకొని నిలబడ్డవేమో!"

మామ ముఖం ఎర్రబడింది. "వ్యాపారం జేసేటోనికి గది తెలవకుంట ఉంటదా?" అన్నాడు. ఆయనకు నిజంగానే అట్లా అనిపించింది. అమ్మడం కొనడం ఉన్నచోటల్లా ఈ తువ్వాల ఉంటుందని నమ్మిన మనిషి. తను మాట తప్పడమనే ఊహే ఆయనకు రాదు. నేను ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు, అంటే రోజూ మాట్లాడుతూనే మాట్లాడటం లేదని చెప్పాను.

రాజవ్వ వచ్చిన రోజు

ఒక పొద్దున రాజవ్వ ఒంటరిగా వచ్చింది. పసుపు సీజను ఇంకా మొదలు కాలేదు, బండిలో బస్తాల్లేవు. వస్తూనే మామ ముందు నిలబడి మొదలుపెట్టింది.

"సేటూ, మా కోడలు కలం ముడుతలేదు. రెండో కథ మొదలువెట్టింది, నడుమనే ఆపింది. ఎందుకే అంటే, మొదటిదే ఏడ వోయిందో తెల్వదు, ఇంకోటెందుకత్తా అంటది. పొద్దుగూకులు సప్పుడు జెయ్యకుంట కొమ్ములేరుతది. నాకు గా సప్పుడు లేని ఇల్లు వద్దు. ఏది మా కథ?"

కథకూ తువ్వాల కట్టుబాటేనని మామ చెప్పాడు. రాజవ్వ నోరు తెరుచుకొని విన్నది.

"అంటే ఏడాది సంది నీ చెయ్యి తువ్వాల కిందనే ఉన్నదా?"

"ఉన్నది."

"అన్నం ఏ చేత్తోని తింటున్నవు సేటూ?"

నేను పగలబడి నవ్వాను. మామ నవ్వలేదు. అప్పుడు రాజవ్వే అడిగింది, నా చదువుకున్న బుర్రకు తట్టని మాట. తట్టనందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

"మరి రైతు తువ్వాల లేపచ్చు గద?"

మామ తలెత్తాడు. "లేపచ్చు. పండించినోళ్ళే లేపాలె."

రాజవ్వ వెంటనే బండెక్కింది. మర్నాడు కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. సుగుణ దుకాణం గడప దగ్గరే ఆగిపోయింది. బజారులో పదిమంది చూస్తున్నారు. ఆ పిల్ల ఎప్పుడూ బండి దిగి లోపలికి వచ్చింది లేదు.

"నడువే" అన్నది రాజవ్వ. "నువ్వు పండించింది. నేను పండించలే, సేటు పండించలే."

సుగుణ వచ్చి మామ ముందు నిలబడింది. మామ కుడిచెయ్యి ముందుకు చాపి, భుజం మీది తువ్వాల తీసి దానిమీద కప్పుకున్నాడు. ఎదుట ఇంకొక చెయ్యి లేదు. అయినా బజారులో ఒక్కరూ నవ్వలేదు. సుగుణ తువ్వాల కొస పట్టుకొని లేపింది. మామ పెద్ద బరువు దించినట్టు ఊపిరి వదిలి, నావైపు తిరిగాడు.

"బిడ్డా, రాయి ఇగ."

ఉత్తరం అప్పటికే రాసిపెట్టుకున్నాను. తారీకు వెయ్యడమే మిగిలింది.

ముడి

పార్సిలు తొందరగానే వచ్చింది. పైన ఒక అచ్చు చీటీ: "మీ రచనను శ్రద్ధగా పరిశీలించితిమి. ప్రచురింపజాలమని తెలుపుటకు చింతించుచున్నాము." పైకాగితం చించితే లోపల మా సుతిలి, మా ముడి. కట్టినప్పుడు అంటుకున్న పసుపు ఆ ముడి మడతల్లో ఇంకా అట్లాగే ఉంది. ఎవరూ విప్పలేదు.

మామ ఆ ముడిని వేలితో తడిమాడు. ఆయన మీద గెలిచిన రోజు ఎగిరి గంతెయ్యాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నాను. ఆ ముఖం చూశాక నాకు గంతెయ్యాలనిపించలేదు. "నువ్వన్నదే నిజం బిడ్డా. ఒక్కణ్ణే నిలవడ్డ" అన్నాడు. "నిలబడ్డందుకు తప్పు లేదు మామా. ఎదుట మనిషున్నాడో లేడో చూసుకోవాలె, అంతే" అన్నాను. అప్పటినుంచి మా పద్ధతి మారింది. మీరూ ఇట్లాగే చెయ్యండి. ఒకేసారి ఒకరికే పంపండి, నాకిప్పటికీ అదే మర్యాదగా తోస్తుంది. కాని కట్ట అందినట్టు కార్డు రాయమని మొదటి ఉత్తరంలోనే అడగండి. ఎప్పటిదాకా ఆగుతారో కూడా చెప్పండి. ఆ గడువు దాటితే రాసినవాళ్ళ తరఫున తువ్వాల లేపండి. నకలు లేకుండా మాత్రం ఏదీ గడప దాటించకండి.

నకలుకు కాగితం ఎక్కడిదంటారా? బజారులో అందరి దగ్గరా తలా కొంచెం అడుక్కొచ్చాను. సుగుణా నేనూ చెరొక చివర కూర్చొని మా దుకాణంలోనే నకలు రాశాం. ఆఖరి అధ్యాయం దగ్గరికి వచ్చాక రాజవ్వ కలం ఆపించింది.

"ముందుగాల సదువు."

సుగుణ చదివింది. మొగుడు బండి కట్టుకొని వస్తాడు. లచ్చుమి అతనికి అన్నం పెడుతుంది, ఎద్దులకు నీళ్ళు పెడుతుంది, బండి ఊరు దాటేదాకా సాగనంపి, తిరిగి కళ్ళంలోకి వస్తుంది. మామ గుమ్మానికి ఆనుకొని వింటున్నాడు. రాజవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పోలే" అన్నది. ఆ వెంటనే, "గింత ముక్క కోసం నన్ను ఏడాది సంపిండ్రు గదరా!" అని మద్రాసు మొత్తాన్నీ తిట్టింది. అంత అందంగా తిట్టడం నాక్కూడా రాదు.

కోటా దాటిపోకముందే నవల హైదరాబాదు వెళ్ళింది. అక్కడినుంచి కార్డు వచ్చింది, తరువాత ఔనని ఉత్తరం వచ్చింది. ముతక కాగితం మీద, సన్నని అక్షరాలతో పుస్తకం అచ్చయింది. మొదటి ప్రతులు కమ్మర్‌పల్లికే నేరుగా వెళ్ళేటట్టు చేశాను. అప్పటికి పసుపు సీజను మొదలైంది. అత్తా కోడలూ బస్తాల బండి మీద వచ్చారు.

రాజవ్వ చేతిలో మామ తువ్వాల ఉంది. ఆ రోజు సుగుణ దాన్ని లేపి, తిరిగి ఇవ్వడం మరచిపోయి వెంట తీసుకుపోయింది. ఇప్పుడు ఉతికి తెచ్చారు. రాజవ్వ దానికింద ఏదో పట్టుకొని మామ ముందుకు చాపింది.

"సేటూ, చెయ్యి పెట్టు."

బజారంతా చూస్తుండగా మామ తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. వేళ్ళు కదలడం పైనుంచి కనపడుతోంది. అట్ట అంచు, వీపు, కుట్టు, ఒక్కొక్కటే తడుముతున్నాయి. నోరు విప్పలేదు. కట్టుబాటు తెలిసిన మనిషి కదా.

ఆ చెయ్యి చాలాసేపు అట్లాగే ఉంది. సుగుణ ఎదురుగా నిలబడి ఉంది. తువ్వాల లేపే హక్కు ఆ పిల్లదే. లేపలేదు.